మేడమీది రేడియో, ఒక అప్ప పాట

మా రేడియో స్టేషన్‌లో మొదటి రెండేళ్ళు గోడ గడియారం లేదు. దాని అవసరం పెద్దగా తెలిసిరాలేదు కూడా. బెంగాల్లోని మా టికియాపారాలో, రైళ్ళు నిలిపే కార్ షెడ్డులోంచి ఖాళీ లోకల్ రైలు మెల్లగా బయటికొచ్చిందంటే మధ్యాహ్నం మూడు కావస్తున్నట్టు. అది దాటిపోయాక పట్టాల మీద కాసేపు ఏమీ ఉండదు. ఎండ, కాకులు, నది వైపు నుంచి ఎప్పుడైనా ఒక స్టీమరు కూత. ఆ సందులో నేను మైకు తెరిచేదాన్ని.

మూడంతస్తుల మేడ మీద రేకుల గది. గోడలకి చప్పుడు తగ్గడం కోసం మా వీధి ఆడవాళ్ళిచ్చిన పాత బొంతలు. ఒక మైకు, ఒక కంప్యూటరు, పైన యాంటెన్నా. చుట్టుపక్కల నాలుగైదు పేటలకి మించి వినపడని రేడియో. లైసెన్సులో దానికి పెద్ద పేరే ఉంది. కానీ జనం మాత్రం మేడమీది రేడియో అనే పిలిచారు. అక్కడ ఊరి పాటలు తప్ప మరేవీ వేసేవాళ్ళం కాదు. పడవవాళ్ళ బెంగాలీ పాటలు, బీహారు నుంచి వచ్చినవాళ్ళ తిరగలి పాటలు, వారానికి ఒక అరగంట మా తెలుగు పాటలు. కూలికో ఉద్యోగానికో ఊరొదిలి వచ్చినవాళ్ళు మూటలో తెచ్చుకోలేనివాటిని నోట్లో తెచ్చుకున్నారు. మా పని వాటిని పట్టుకోవడం.

పదిహేడేళ్ళు చేశాను. ఈమధ్యే మానేశాను. సాల్ట్ లేక్‌లో కంప్యూటరు ఉద్యోగం చేస్తూ శనివారాలు మా స్టేషన్‌కి వచ్చే హారిక అని ఒక వరంగల్ పిల్ల ఉంది. ఇప్పుడు తెలుగు అరగంట ఆమెదే. నేను మానేసేముందు అడిగింది. "మేడం, ఈ పనిల ఫస్టు ఏం నేర్చుకోవాలె?" మైకు ఎంత దూరంలో పెట్టాలో చెప్పి ఊరుకున్నాను. ఇంటికొచ్చాక అది జవాబు కాదనిపించింది. ఇదీ జవాబు.

రైళ్ళ సందు

నాకీ పని ఎలా వచ్చిందంటే, మా సంఘంలో ఆదివారం మైకు సెట్టు చూసేదాన్ని. మా నాన్న కార్ షెడ్డులో ఫిట్టరు. తీగలు కలపడం, పాడైన స్పీకరు కోను అతికించడం ఆయన దగ్గరే నేర్చుకున్నాను. మా సంఘం అంటే శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి రైల్వేలోకీ కార్పొరేషన్‌లోకీ పనికొచ్చిన తెలుగు క్రైస్తవ కుటుంబాలు. మైకు కూత పెట్టకుండా ప్రసంగం అయ్యేలా చేయగల మనిషి ఉందని ఎవరో చెప్తే సుబీర్ దా నన్ను వెతుక్కుంటూ వచ్చాడు. స్టేషన్ పెట్టినవాడు ఆయనే.

మొదటి ఏడాది నేను చేసిన తప్పు రైళ్ళని తీసేయడం. ఒక పాటలో మూడు రైళ్ళు పడితే మూడూ కోసేసేదాన్ని. దగ్గు కోసేదాన్ని, గాజుల చప్పుడు కోసేదాన్ని, పాడే మనిషి మధ్యలో "ఒలే, పొయ్యి మీద పాలు సూడే" అని కూతుర్ని కేకేస్తే అదీ కోసేదాన్ని. అలా కడిగి ఆరేసిన పాటని ఒకసారి ఆ పాడినామెకే వినిపించాను. చివరిదాకా విని, చాలా మర్యాదగా, ఎవరిదమ్మా ఈ పాట అని అడిగింది.

తరవాత కోయడం తగ్గించాను. రైలొస్తే ఆగడం నేర్చుకున్నాను. పాడేవాళ్ళకి నేను నేర్పనక్కర్లేదు. టికియాపారా ఆడవాళ్ళు రైలు వస్తే మాట సగంలో ఆపి, పోయాక మిగతా సగం అందుకుంటారు. పాటా అంతే. ఆ ఆగినప్పటి మౌనం కూడా రికార్డయ్యేది. ఇప్పటికీ నాకు కొన్ని పాటల్లో పాటకన్నా ఆ ఖాళీయే ఎక్కువ జ్ఞాపకం.

ప్రసారం పని చేసేవాళ్ళు ఎప్పుడో ఒకసారి స్టేషన్‌లో కాకుండా వీధిలో నిలబడి తమ రేడియో వినాలి. నేను పాట పెట్టేసి మెట్లు దిగి వెళ్ళిపోయేదాన్ని. మూడు గంటల వేళ, అంట్లు తోమడం అయిపోయి ఇంకా టీ నీళ్ళు పెట్టని సమయం. సందులో నడుస్తుంటే ఒకే పాట ఈ కిటికీలోంచీ వచ్చేది, ఆ గుమ్మంలోంచీ వచ్చేది. ఎక్కడా తెగకుండా, మనిషి లేకుండా గొంతు ఒక్కటే నాతో నడిచేది. తడి చీరల కింద నుంచి వెళ్తూ ఇది టికియాపారాయా, మా నాన్న చెప్పిన ఊరా అని తేల్చుకోలేకపోయేదాన్ని. అప్పుడు నలభై దాటినదాన్ని. అయినా ఆ కాసేపూ నాకు వయసు ఉండేది కాదు.

దర్జీల పేట మెటియాబ్రుజ్ నుంచి ఒక చాచా ఫోను చేసి, పండగ ముందు వారం హుషారు పాటలు వేయొద్దని బతిమాలాడు. పాటతో పాటు కుట్టు మిషను కూడా పరిగెడుతోందట, కుట్లు వంకర పోతున్నాయట. అలాంటి ఫోన్లే నాకు వచ్చిన బహుమతులు.

సుబీర్ దా

బాసుల గురించి నిజం చెప్పాలి. సుబీర్ దా చెవి బంగారం. పాట మొదలైన రెండో చరణానికి ఆ మనిషి నదికి ఏ ఒడ్డున పెరిగిందో చెప్పేవాడు. దా అంటే బెంగాలీలో అన్న, దీ అంటే అక్క. నన్ను ఎస్తేర్ దీ అని పిలిచి, నేను చదివింది పదోతరగతి అని ఒక్కరోజు కూడా గుర్తుచేయకుండా పని నేర్పాడు. ఆయనకున్న జబ్బు ఒకటే. తను మంచిదనుకున్నది అందరికీ మంచిదే అనుకునేవాడు.

ఆయనకో సిద్ధాంతం ఉండేది. ఊరి పాటలన్నీ పేరు లేకుండా పోయాయి, పాడినవాళ్ళని లోకం దోచుకుంది, కాబట్టి మన రేడియోలో పాడిన ప్రతి మనిషి పేరూ చెప్పి తీరాలి. పేరు చెప్పకపోవడం దొంగతనం అనేవాడు. నాకూ అది న్యాయంగానే తోచింది. ఇప్పటికీ పదింట తొమ్మిదిసార్లు న్యాయమే.

పదోసారి ఏమైందో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ఒక అప్ప

మావైపు అక్కని అప్ప అంటారు. మా వీధి చివర ఒక అప్ప ఉండేది. ఆమె భర్త కార్పొరేషన్‌లో డ్రైనేజీ పని చేసేవాడు. ఆమె మూడు ఇళ్ళల్లో అంట్లు తోమేది. ఆమె పేరు ఇక్కడ రాయడం లేదు, ఎందుకో ముందుకెళితే తెలుస్తుంది. పెళ్ళయ్యాక బాప్తిస్మం తీసుకుని మా సంఘంలో చేరింది. ఆదివారం ముందు బెంచీలో కూర్చునేది. నెలకోసారి రొట్టె, ద్రాక్షారసం ఇచ్చే ప్రభు బల్ల దగ్గరికి అందరికన్నా ముందు లేచేది. డ్రైనేజీ పనివాడి పెళ్ళాం అని పక్క వీధివాళ్ళు గుమ్మం బయట నుంచే మాట్లాడే రోజుల్లో, అందరితో ఒకే గిన్నెలో ముంచుకునే చోటు ఆమెకి అదొక్కటే. ఆ సంగతి నాకు అప్పుడు తెలిసినా మనసుకి పట్టలేదు.

ఒకసారి ఆమె బియ్యం ఏరుతూ పాడుకుంటుంటే విన్నాను. వరి నాట్లని మావాళ్ళు ఉబాలంటారు. అది ఉబాల పాట.

కొంగా కొంగా తెల్లకొంగా గట్టు దిగకే
నా ఉబాలయ్యేదాకా నా నీడ తొక్కకే

గొంతు సన్నమేమీ కాదు. కొంచెం బొంగురు. కానీ ఆ పాట వింటే మోకాళ్ళ దాకా నీళ్ళలో నిలబడ్డట్టుండేది. రికార్డు చేస్తానంటే ఒప్పుకోలేదు. మా సంఘంలో ఇలాంటివాటిని లోకపు పాటలంటారు, బాప్తిస్మం తీసుకున్నవాళ్ళు పాడకూడదు. నెల రోజులు తిరిగాను. చివరికి బియ్యం చేట పక్కన పెట్టి ఒక్క షరతు చెప్పింది. "పేరు మాత్రం సెప్పకు. ఎవులు పాడినారో ఎవులకీ తెల్డానికి నేదు."

సుబీర్ దా సణిగాడు గానీ ఊరుకున్నాడు. నేను మైకులో "ఈ పాట ఒక అప్ప పాడింది" అని చెప్పేదాన్ని. అలా పంతొమ్మిది పాటలు. రెండేళ్ళు. టికియాపారాలో తెలుగు రానివాళ్ళు కూడా ఒక అప్ప పాట వేయమని ఫోను చేసేవారు. బెంగాలీ ఆడవాళ్ళు అది ఆమె పేరే అనుకున్నారు. మా వీధిలో ఆ గొంతు ఎవరిదో తెలియని తెలుగు ఇల్లు ఉందని నేననుకోను. అందరికీ తెలుసు, ఎవరూ అనరు. నీళ్ళ కుళాయి దగ్గర బకెట్లు నింపుకుంటూ ఆమె ఎదురుగానే ఆ పాట ఎంత బాగుందో చెప్పుకునేవారు. ఆమె తల వంచుకుని బకెట్ నిండటం చూసేది.

పేరు

స్టేషన్‌కి అయిదేళ్ళు నిండిన రోజు. ఆవేళ పొద్దుటి నుంచి సాయంత్రం దాకా మంచి పాటలన్నీ మళ్ళీ వేస్తున్నాం, పాడినవాళ్ళందరి పేర్లూ గౌరవంగా చదువుతున్నాం. సుబీర్ దా తన చేత్తో జాబితా రాశాడు. అప్ప పాట దగ్గర పేరు ఖాళీ వదిలి పెన్ను నా చేతికిచ్చాడు. అందరి పేర్లూ చెప్పి ఈమె ఒక్కతెదీ చెప్పకపోతే అవమానం కాదా అన్నాడు.

నెపం ఆయన మీదకి నెట్టలేను. తెలుగు జాబితా చదివింది నేను. ఆ వారమంతా వీధిలో వాళ్ళూ వీళ్ళూ పొగుడుతుంటే నా తల కొంచెం పైకెక్కింది. పేరు వింటే ఆమె సంతోషిస్తుందని నాకు నేనే చెప్పుకున్నాను. వెళ్ళి అడగడానికి నాలుగు నిమిషాల నడక. ఎందుకు వెళ్ళలేదంటే, వద్దంటుందని తెలుసు కాబట్టి. సంఘం పుస్తకంలో ఉన్న పూర్తి పేరు, భర్త పేరుతో సహా, మూడుంబావుకి మైకులో చదివేశాను.

ఆవేళ పాట పెట్టి వీధిలోకి దిగాను, ఎప్పట్లాగే. రెండు కిటికీల్లో రేడియో ఆగిపోయింది. మూడో గుమ్మంలో ఒక చెయ్యి బయటికొచ్చి తలుపు దగ్గరకి లాగింది.

మరుసటి ఆదివారం సంఘ పెద్దలు కూర్చున్నారు. పేరు పైకి రానంతకాలం ఊరుకోవచ్చు, వచ్చాక ఊరుకోకూడదు. ఆమెని మూడు నెలలు ప్రభు బల్లకి దూరం పెట్టారు. ఆ తీర్పు చెప్పింది డ్రైవరు పెదనాన్న. అసలు పేరు దావీదు. రైలింజన్ డ్రైవరు చేసి రిటైరైన మనిషి. మా నాన్నకి పెద్దన్నలాంటివాడు. సంఘం ముందు నిలబడి తీర్పు చదువుతుంటే ఆయన ఒకే లైను రెండుసార్లు చదివాడు. ముసలితనం అనుకున్నాను.

తుడవడం

సోమవారం మధ్యాహ్నం ఆమె మేడెక్కి వచ్చింది. అన్నాళ్ళలో స్టేషన్‌లోకి రావడం అదే మొదటిసారి. పాటలన్నీ ఆమె ఇంట్లోనే పట్టాను. బొంతల గోడలు చూసింది, వాటిలో ఒకటి తనదేనని గుర్తుపట్టి చేత్తో తడిమింది. నేను క్షమాపణ మొదలెట్టాను. వినలేదు.

"తుడిసీ," అంది.

కంప్యూటరు ముందు కూర్చోబెట్టి ఒక్కొక్కటే చూపించాను. ప్రతిదాన్నీ కొంచెం వినిపించమంది. ఒక లైను విని, తల ఊపేది. నేను నొక్కేదాన్ని. తరవాతది. పంతొమ్మిదోది కొంగ పాట. అది వింటుంటే రైలొచ్చింది, ఆ గదిలో రైలు, పాటలో రైలు, రెండూ కలిసి పోయాయి. పోయాక తల ఊపింది. నా దగ్గర వేరే డిస్కులో ఉన్న కాపీలు కూడా తీసి చూపించాను, అవీ తుడిచాను. ఒక్కటి దాచుకుందామన్న ఆలోచన రాలేదని అబద్ధం చెప్పను. దాచలేదు, అంతే.

సుబీర్ దా పదిహేను రోజులు నాతో మాట్లాడలేదు. తిరిగి దొరకనిదాన్ని తుడిచేశానన్నాడు. నిజమే. ఈ పనిలో ఉన్నవాళ్ళు చాలామంది ఆయన పక్షమే ఉంటారు. నేను మాత్రం, పాట పాడినవాళ్ళదే అని మైకులో అన్నాక, వాళ్ళు వద్దన్నప్పుడు కూడా వాళ్ళదే అవ్వాలంటాను.

వెనక బెంచీ

అప్పటిదాకా నేను గుడికి మైకు కోసం వెళ్ళేదాన్నిగానీ దేవుడికోసం కాదు. ఆ మూడు నెలలూ మైకు ఇంకొకరికి అప్పజెప్పి వెనక బెంచీలో ఆమె పక్కన కూర్చున్నాను. రొట్టె వచ్చినప్పుడు నేనూ లేవలేదు. మొదటి నెల ఆమె నావైపు చూడలేదు. రెండో నెల కూడా. మూడో నెల నేను ఆలస్యంగా వెళ్తే, చీర కుచ్చెళ్ళు దగ్గరకి తీసుకుని కొంచెం జరిగి చోటిచ్చింది.

ఆ తరవాత ఆమెని మళ్ళీ బల్ల దగ్గరికి పిలిచారు. వెళ్ళింది. కానీ ముందు బెంచీకి మారలేదు. పాట మాత్రం నోట రాలేదు, కీర్తనలు కూడా. పెదవులు కదిపేది. బియ్యం ఏరేటప్పుడు కూడా చప్పుడు లేకుండా ఏరేది. ఒక మనిషిలోంచి పాట పోతే ఇల్లు ఎంత నిశ్శబ్దంగా ఉంటుందో వాళ్ళ కిటికీ కింద నడిచిన ప్రతిసారీ వినేదాన్ని. పదేళ్ళపైనే విన్నాను.

డ్రైవరు పెదనాన్న

పోయినేడు పెదనాన్న మంచం పట్టాడు. నన్ను రమ్మని కబురు పెట్టాడు. కిటికీ పక్క మంచం, దిండు పక్కనే చేతిలో పట్టేంత రేడియో.

"అమ్మా ఎస్తేరూ, ఆ కొంగ పాట ఓపాలి ఎయ్యమ్మా," అన్నాడు.

ఆయనే చెప్పాడు. రెండేళ్ళూ ప్రతి వారం విన్నాడట. తలుపు దగ్గరకేసి, రేడియో చెవికి ఆనించుకుని. ఆ పాట వాళ్ళమ్మ పాడేది. నాగావళి ఒడ్డున బుగతల పొలాల్లో ఆమె కూలికి వెళ్ళేది. బుగత అంటే అక్కడ భూస్వామి. తెల్లబట్టలేసుకుని గొడుగు పట్టుకుని గట్టు మీద నిలబడేవాడు. ఆడవాళ్ళు వరసగా నడుం వంచి నాటుతూ పాడాలి, పాడితే చేతులు ఆగవని. వీళ్ళ నీడ తన మీద పడితే అపవిత్రం అనేవాడు. అందుకని వీళ్ళు, కొంగా, నువ్వే మా నీడ తొక్కకు అని పాట కట్టారు.

"ముకాలు కిందకుంటాయి గదా, ఎవులు ఎత్తుకున్నారో ఆడికి తెల్దు. అడిగితే ఎవులూ సెప్పరు. సెప్తే ఈపు సిట్లిపోద్ది. వరసలో పాట ఎత్తుకున్నదాని పేరు సెప్పకూడదు, అదీ కట్టు. మా అమ్మ సచ్చీదాకా సెప్పనేదు, ఎత్తుకునీది తనేనని."

అందుకే మా తాతలు ఆ పొలాలతో పాటు ఆ పాటలూ వదిలేశారట. వాటిని లోకపు పాటలన్నది భక్తి ఒక్కటే కాదు. మళ్ళీ ఎవడికోసమూ నడుం వంచి పాడబోమని. అన్నాళ్ళూ నేను దాన్ని ముసలివాళ్ళ మూర్ఖత్వం అనుకున్నాను. ఊరి పాటల రేడియోలో పనిచేస్తూ, ఆ పాటల్ని ఎవరు పాడించుకున్నారని ఒక్కసారీ అడగలేదు.

"పేరు సెప్పనంతకాలం నానూ ఇన్నాను తల్లీ. నువ్వు పేరు సెప్పీసినావు. సంఘ పెద్దగా కూకున్నాను, ఏటి సెయ్యను?"

ఆ పాట లేదని, తుడిచేశానని చెప్పాను. చెయ్యి చాపి రేడియో కట్టేశాడు. డాక్టరు ఇంక ఎక్కువ రోజులు లేవన్నాడని ఆయన కోడలు గుమ్మం దగ్గర నాకు చెప్పింది.

డబ్బా ఏదీ

తిన్నగా అప్ప ఇంటికి వెళ్ళాను. భర్త పోయి కొన్నేళ్ళయింది, ఒక్కతే ఉంటోంది. ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన రేడియో విన్న సంగతి చెప్పినప్పుడు బియ్యం ఏరుతున్న చెయ్యి ఆగింది. ఆయనే అడిగాడా అని రెండుసార్లు అడిగింది. రేపు మధ్యాహ్నం వెళ్దామంది.

మర్నాడు నేను చాలా ఆలోచించి ఒక పని చేశాను. రికార్డరు బీరువాలో పెట్టి తాళం వేశాను. ఈసారి ఆమె పాట ఎవరూ పట్టరు, పాడేవాళ్ళకీ వినేవాళ్ళకీ మధ్య నేను రాను, పదేళ్ళకి నాకు బుద్ధొచ్చింది అనుకున్నాను. ఆ బుద్ధి మీద నాకు కొంత గర్వం కూడా కలిగింది.

ఆమె ఉతికిన చీర కట్టుకుని వచ్చింది. పెదనాన్న కళ్ళు తెరిచి, లేవబోయి, లేవలేకపోయాడు. ఆమె మంచం పక్కన కింద కూర్చుంది. కోడలు కుర్చీ వేస్తే వద్దంది. కొంగు సర్దుకుని నావైపు తిరిగింది.

"డబ్బా ఏదీ?"

రికార్డరు తేలేదన్నాను.

"ఏం, ఎందుకు తేనేదు?"

మీరే ఆవేళ తుడిచేయమన్నారు కదా, అందుకని అన్నాను. ఆమె ముఖంలో కోపం లేదు. ఎంత చెప్పినా అన్నం మాడబెట్టే కోడల్ని చూసినట్టు చూసింది.

"అప్పుడు అడక్కుండా పేరు సెప్పీసినావు. ఇప్పుడు అడక్కుండా మానీసినావు. నన్ను అడగడానికి నీకేటమ్మా నొప్పి?"

నాకు ఏడుపొచ్చింది. రెండూ ఒకటే తప్పు. మొదటిది చెడ్డదనీ రెండోది మంచిదనీ అనుకున్నాను గానీ, రెండుసార్లూ ఆమె బదులు నేనే నిర్ణయించేశాను. పరిగెత్తి తెస్తానన్నాను. నాలుగు నిమిషాలే. "ఆయన ఆగుతాడేటి," అని పాట ఎత్తుకుంది.

ఆ గొంతు ఇంకా బొంగురుపోయింది. మొదటి చరణం సగం గాలే. తరవాత ఎక్కడి నుంచో నీళ్ళొచ్చినట్టు నిండింది. మధ్యలో రైలొచ్చింది, ఆగింది. ఆ ఖాళీలో పెదనాన్న వేళ్ళు దుప్పటి మీద కదలడం చూశాను. బొటనవేలూ రెండు వేళ్ళూ కలిపి, చిన్నగా కిందకి నొక్కి, పక్కకి జరిపి, మళ్ళీ నొక్కి. నాటుతున్నాడు. చిన్నప్పుడు వాళ్ళమ్మ వెనక అలాగే నడిచి ఉంటాడు. రైలు పోయింది. ఆమె మిగతా సగం అందుకుంది. కిటికీలోంచి వచ్చే ఎండ, ఆ దుప్పటి, ఆ పాట, అన్నీ ఒకే నీటిలో ఉన్నట్టు నాకనిపించింది. అలాంటి పాట నేను పదిహేడేళ్ళలో పట్టలేదు. అదీ పట్టలేదు.

అయ్యాక ఆయన ఆమె తల మీద చెయ్యి పెట్టాడు. తీర్పు చెప్పిన నోటితో ఏదో చెప్పబోయాడు. "ఉండండి పెద్దయ్యా," అని ఆమే ఆ చెయ్యి తీసి దుప్పటి మీద పెట్టింది. పదకొండో రోజు ఆయన పోయాడు.

అడిగాక

సమాధి కార్యక్రమం అయిన శనివారం, రెండున్నరకి, అప్ప మేడెక్కి వచ్చింది. మోకాళ్ళ నొప్పులతో ప్రతి అంతస్తులోనూ ఆగుతూ వచ్చింది. హారిక మంచినీళ్ళిచ్చింది. ఆవిడెవరో ఆ పిల్లకి తెలియదు. నా ఉద్యోగానికి అది ఆఖరి నెల.

మైకు ముందు కూర్చుంటానంది. ఈసారి నేను అడిగాను. అన్నీ అడిగాను. రికార్డు చేయనా? చెయ్యి. దాచనా? దాచు. ఇప్పుడే ప్రసారం చేయనా, తరవాత చేయనా? ఇప్పుడే. హారిక నన్ను వింతగా చూసింది, ఏదో కోర్టులో ఉన్నట్టు. చివరిది ఒక్కటి మిగిలింది. వేలు మీట మీద పెట్టి, నొక్కకుండా ఆగాను.

"అప్పా, పేరు?"

బయట ఖాళీ లోకల్ షెడ్డులోంచి వస్తోంది. అది పోయేదాకా ఆమె మాట్లాడలేదు. నేనూ తొందరపెట్టలేదు. ఆఖరి పెట్టె కూడా వెళ్ళిపోయాక పట్టాల వైపు చూస్తూ నవ్వింది.

"సెప్పు. గట్టు మీద ఇప్పుడెవుడున్నాడు? కానీ సంఘంలో పేరు వొద్దు, అది ప్రభువు దగ్గిరది. మా అమ్మ ఎట్టిన పేరు సెప్పు."

ఆ పేరు నాకు తెలియదు. టికియాపారాలో ఎవరికీ తెలియదు. నా చెవి దగ్గరికి వంగి చెప్పింది. ఇది రాసేముందు మళ్ళీ వెళ్ళి అడిగాను, ఇందులో కూడా రాయనా అని. రాసుకోమంది.

హారికా, నువ్వు అడిగినదానికి నా దగ్గర ఉన్నది ఇంతే. ఆవేళ మూడు గంటలకి మైకు తెరిచి నేనన్న మాట నీకు గుర్తుండే ఉంటుంది. ఈ పాట ఎత్తుకున్నది పైడమ్మ.